సాటింపు

రేపు మూడో పేపరు.
ఇంగ్లాండు చరిత్ర. అయిదు మార్కుల ప్రశ్న:
రాజు ప్రకటనకూ పార్లమెంటు శాసనానికీ తేడా రాయుము.
కరెంటు పోయింది. ఛార్జింగు లైటు కింద
నిద్ర రాకుండా పైకే చదువుతున్నాను.
అరుగు మీద చుట్ట ఆర్పి అయ్య అడిగాడు:
"ఏటే, ఆ రాజు ఏటి సాటించినాడు?"

మా అయ్య బారికి తవిటయ్య.
బూర్జ చుట్టూ ఆరూళ్ళకి ముప్పై ఏళ్ళు డప్పు.
పోలియో చుక్కలకి, శిస్తు బకాయిలకి,
తుపాను వస్తన్నాదంటే ఏటి గట్టెంట పరుగు,
ఎవరి గేదో తప్పిపోతే
కూలి అడక్కుండానే ఓ రౌండు.

చెప్పాను.
ఎవరు ఎంత పొడుగు కత్తి కట్టుకోవాలో,
ఎవరి మెడ చుట్టూ ఎన్ని కుచ్చుల బట్టో,
ఏ రోజుల్లో మాంసం మాని చేపలు తినాలో
రాజు రాసి పంపేవాడట.
సంతలో బాకా ఊది ఒకడు చదివేవాడట,
చదివి, ఆ కాగితాన్ని మేకు కొట్టి పోయేవాడట.

"ఆడి పేరేటి?"
"రాజుదా?"
"కాదే. సదివినోడిది."

పుస్తకం అటూ ఇటూ తిప్పాను.
రాజుల పేర్ల పక్కన అంకెలున్నాయి.
బాకా వాడు లేడు.

పదిహేను వందల ముప్పై తొమ్మిదిలో
పార్లమెంటే ఒప్పుకుంది,
రాజు మాటా శాసనంతో సమానమేనని.
ఒప్పుకుంటూనే గడప దగ్గర గీత గీసింది:
మనిషి ప్రాణాన్నీ ఆస్తినీ ఆ మాట ముట్టుకోరాదు.
ఎనిమిదేళ్ళకి, ఆ రాజు పోయాక,
ఒప్పుకున్నదాన్నే చెరిపేసింది.
అయ్య నవ్వాడు. "కరణంగారి పలక నాగున్నాది."

ఇంకో అరవై ఏళ్ళకి జడ్జీలు తేల్చారు:
నిన్నటిదాకా నేరం కానిదాన్ని
చాటించినంత మాత్రాన నేరం చెయ్యలేడు రాజు.

అయ్య లేచి కూర్చున్నాడు.
"మళ్ళీ సదువు."
చదివాను.
"మళ్ళీ."

అప్పుడు నేను ఆరో తరగతి.
జీపులో ఎవరో వచ్చి అయ్య చేతిలో చీటీ పెట్టారు.
సంతకం ఉంది. నంబరు ఉండాల్సిన చోట చుక్కలు.
*నాగావళి లంకలో తుంగ కోస్తే
బండీ ఎడ్లూ జప్తోయ్!*
డప్పు కాచుకుని ఆరూళ్ళూ కొట్టాడు,
మా వీధి ఆఖర్న.
తెల్లారేసరికి గురువులు చిన్నాన్న బండి పట్టుకున్నారు.
చాపలల్లే మనిషి, తుంగ కోయకేం చేస్తాడు?
ఏ రూలని అడిగితే అందరూ ఒకటే మాట:
"మీ అన్నే సాటించినాడు కదా."

పాలకొండ కోర్టులో పద్నాలుగు నెలలకి
మేజిస్ట్రేటు గారూ అదే అడిగారు. ఏ చట్టం, ఏ సెక్షను?
ఎవరి దగ్గరా లేదు. కొట్టేశారు.
అప్పటికి బందెలదొడ్లో ఒక ఎద్దు పోయింది.
రెండోదాన్ని చిన్నాన్న సంతలో తోలేశాడు.
మా ఇంటి వైపు తల తిప్పడం మానేశాడు.

"మరైతే నాను సాటించింది సట్టం కాదేటి?"
"కాదయ్యా."
"మరేటది?"
"నీ గొంతు."

నాకే ఆ మాట కరుకుగా తోచింది.
గోడనున్న డప్పు వైపు చూశాడు,
పంచాయతీకి మైకు ఆటో వచ్చాక
దాని చర్మం వదులైపోయింది, ఒక పక్క చెద.
చెప్పులు వెతుక్కుని చీకట్లోకి దిగాడు,
బీడీలకేమో అనుకున్నాను, చుట్ట కాల్చే మనిషి.

వీధి చివర తలుపు చప్పుడు.
కుక్క మొరిగి ఊరుకుంది.
అయ్య ఏమన్నాడో వినపడలేదు.
ఆరూళ్ళు లేపిన గొంతు
మూడిళ్ళ అవతల నుంచి నాకు అందలేదు.
చిన్నాన్నదే వినపడింది, ఇన్నేళ్ళకి, నిద్రమత్తుగా:
"ఇప్పుడేటి, రేతిరి పూట... సరే, లోపలికి రా."

కరెంటొచ్చింది.
తేడా దగ్గర రెండు పాయింట్లు రాశాను.
మూడోది పుస్తకంలో లేదు.